చలిపాక గడియ

కినుయో ఫిబ్రవరిలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళదు. పన్ను సలిపి ప్రాణం తీస్తున్నా సరే, ఎడమ దవడతో నములుకుంటూ మార్చి దాకా ఎలాగో నెట్టుకొస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. కొందరు అది మొండితనమంటారు, కొందరు పిసినారితనమంటారు. అది భయమని మా వీధిలో ముగ్గురు నలుగురికే తెలుసు.

ఓమియా ఊళ్ళో, తొట్లలో మరుగుజ్జు చెట్లు పెంచే బోన్సాయ్ తోటలన్నీ ఒక్కచోటే ఉంటాయి. అందులో మురోగా వారి తోట పాతది. కినుయో అక్కడ నీళ్ళు పోసే మనిషి. నీళ్ళు పోయడమే కదా, అదీ ఒక పనేనా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కత్తెర పట్టడం ఆరు నెలల్లో వస్తుంది, కొమ్మలు వంచడానికి తీగ చుట్టడం రెండేళ్ళలో వస్తుంది. ఏ తొట్టికి ఏ పూట ఎన్ని నీళ్ళు పోయాలో తెలియడానికి మాత్రం సగం జీవితం పడుతుంది. కినుయో ఇరవై తొమ్మిదో ఏట, మొగుడు పోయాక, గుండీల ఫ్యాక్టరీ మూతపడ్డాక, కలుపు తీసే కూలి మనిషిగా ఈ తోటలోకి వచ్చింది. మూడేళ్ళు వంగి గడ్డి పీకింది. నాలుగో ఏడు పెద్దయ్య ఆమె చేతికి నీళ్ళ డబ్బా ఇచ్చాడు. ఇప్పుడామెకు అరవై ఒకటి. తొట్టిని వేలి కణుపుతో ఒకసారి తట్టి, లోపల మట్టి ఎంత తడిగా ఉందో చెప్పేస్తుంది.

పెద్దయ్య అంటే తోట యజమాని మురోగా తేయిజో. ఎనభై నాలుగేళ్ళు. నీటికాసుల జబ్బుతో చూపు దాదాపు పోయింది. ఎవరైనా ఎదుట నిలబడితే నీడ నిలబడినట్టు తెలుస్తుంది, అంతే. అయినా రోజూ పొద్దున్నే చేతికర్ర పట్టుకుని వరసలన్నీ తిరుగుతాడు. కొమ్మల మీద వేళ్ళు నడిపించి, ఏ చెట్టు ఎలా ఉందో చూసుకుంటాడు. తోట లెక్కా డొక్కా, వచ్చే పోయే వాళ్ళ సంగతీ అంతా కూతురు హరుమిదే. ఆమెకు యాభై మూడేళ్ళు వచ్చినా కినుయో ఇప్పటికీ 'అమ్మాయిగారూ' అనే పిలుస్తుంది.

ఇక ఆ పళ్ళ డాక్టరు కథ. తోట వెనక ఒక చలిపాక ఉంది. సగం నేలలోకి దిగి ఉంటుంది, దక్షిణం వైపు అద్దాలు, ఒక పక్క చెక్క తలుపు, దానికో గడియ. చలికాలమంతా సుకుమారపు చెట్లు అందులో పడుకుంటాయి. చెట్లకు చలి కావాలి. చలి లేకపోతే నిద్రపట్టదు. అయితే మరీ గడ్డకట్టే గాలి తగలకూడదు. అందుకని పగలు తలుపు తీసి, సాయంత్రం గడియ పెడతారు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి రోజున కినుయోకి పన్ను పోటెక్కింది. నాలుగింటికి డాక్టరు రమ్మన్నాడు. ఆ తొందరలో గడియ పెట్టడం మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మంచు పడింది. నాలుగు రోజులకి పాకలోని మేపుల్ చెట్టు చిగుళ్ళన్నీ నల్లబడి రాలిపోయాయి. ఆ ఏడు ఎండలెక్కువై ముందే విచ్చుకున్న చిగుళ్ళవి. తర్వాత కొమ్మలు ఎండాయి, వేసవికల్లా చెట్టు పోయింది.

అది పెద్దయ్య తండ్రి చిన్నతనంలో నాటిన చెట్టు. అప్పటికి ఆ ముసలాయన బతికే ఉన్నాడు. కినుయోని ఎవరూ ఒక్క మాటా అనలేదు. తిడితే బాగుండేదని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. "మంచు పడింది, ఏం చేస్తాం" అని పెద్దయ్య ఒకే ఒక్కసారి అన్నాడు, అదీ ఆమె మొహం చూడకుండా. ముసలాయన మాత్రం ఆమె ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు. ఆకులు రాలే రోజుల్లో ఆయనా పోయాడు.

ఆనాటి నుంచి కినుయోకి గడియ పిచ్చి పట్టింది. మిగతా తోటల్లో నాలుగింటికి వేసే తలుపును ఈమె మూడింటికి వేసేది. పోను పోను రెండింటికి వేయడం మొదలుపెట్టింది. వేశాక వీధి చివరి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, గడియ లాగి చూసుకుని మళ్ళీ వెళ్ళేది. హరుమి నవ్వేది. చెట్లకి స్వెటర్లు కూడా అల్లెయ్యరాదా కినుయోక్కా, కొలతలు నేనిస్తాను, అనేది. కినుయో కూడా నవ్వేసి ఊరుకునేది.

ఈ ఏడు జనవరి చలికాలంలా లేదు. వీధిలో జనం కోట్లు చేతిమీద వేసుకుని నడిచారు. రైల్వే స్టేషను పక్కన తెల్లపూలు పూసే ఉమె చెట్టు మూడు వారాల ముందే పూసింది. కినుయో మాత్రం రోజూ రెండింటికల్లా గడియ వేసింది. మర్నాడు పొద్దున తలుపు తీసినప్పుడు లోపలి గాలి బుగ్గలకు గోరువెచ్చగా తగిలేది. ఆ వెచ్చదనం ఆమెకు హాయిగా ఉండేది. పిల్లలు దుప్పటి కింద పడుకున్నారనుకునేది. ముప్పై రెండేళ్ళు చెట్లతో బతికిన మనిషి అలా అనుకోకూడదు. కానీ భయం మనిషికి తెలిసిన సంగతుల్ని కూడా మరిపిస్తుంది.

పాక నడిమి అరమీద ఒకే తట్టలో ఏడు బునా చెట్లున్నాయి. బూడిదరంగు మొద్దులు, మోకాలెత్తు, పొగమంచులో కొండ అడవిని దూరం నుంచి చూసినట్టుంటాయి. యాభై ఏళ్ళ కిందట పెద్దయ్య గింజలు ఏరి తెచ్చి మొలిపించినవి. చూపు పోయాక ఆయనకు మిగిలింది ఆ తట్టే అని చెప్పొచ్చు. ఏడు మొద్దుల్నీ వేళ్ళతోనే పోల్చుకుంటాడు. బునా చెట్టు తీరే వేరు. ఎండిన ఆకుల్ని చలికాలమంతా విడవదు. వాటికిందే మొగ్గల్ని దాచుకుంటుంది. ఏడాదికి ఒక్కసారే చిగురిస్తుంది. ఆ చిగుళ్ళు పోతే ఆ కొమ్మ మళ్ళీ చిగురు వేయదు, ఎండిపోతుంది.

తోటలో ఇంకో ఆచారముంది. చలికాలం పోవాలని ఇంటింటా వేయించిన సోయా గింజలు చల్లే పండుగ ఫిబ్రవరి మూడున వస్తుంది. ఆ మర్నాడు మురోగా వారి తోటలో ఆకు రాల్చిన చెట్లన్నిటికీ చలిమందు కొడతారు. గంధకం, సున్నం కలిపి ఉడికించిన ఎర్రటి నీళ్ళు. కుళ్ళిన గుడ్ల కంపు వీధి మొత్తం వ్యాపిస్తుంది, వారం దాకా పోదు. పురుగుల గుడ్లన్నీ దానితో చస్తాయి. నిద్రలో ఉన్న చెట్టును ఆ మందు ఏమీ చెయ్యదు. కానీ మొగ్గ విచ్చుకున్నాక పడితే మాడ్చేస్తుంది. పెద్దయ్య తాత కాలం నుంచీ మందు రోజు మారలేదు.

ఆ మందు కోసమే పండుగ నాటి పొద్దున కినుయో బునా చెట్ల పాత ఆకులు తీయడానికి కూర్చుంది. చిన్న కత్తెరతో ఆకును కాడ దగ్గర కత్తిరిస్తూ పోవాలి. మొదటి ఆకు కింద మొగ్గ చూసింది. బునా మొగ్గ మామూలుగా సూదిలా గట్టిగా, గోధుమరంగులో ఉంటుంది. ఇది ఉబ్బి వదులైంది. పొలుసులు విడిపోయి, మధ్యలో వెండి నూగుతో పచ్చటి మడతలు కనిపించాయి. ఇంకో ఆకు తీసింది. అదీ అంతే. మూడోది తీశాక కత్తెర అరమీద పెట్టేసింది.

చిగుళ్ళు రావాల్సింది ఏప్రిల్లో. ఇంకా రెండు నెలలు మంచు పడుతుంది. వీటిని బయట పెడితే మంచు తినేస్తుంది. లోపలే ఉంచితే పాలిపోయి, సాగిపోయి, మొదటి గాలికే చచ్చిపోతాయి. ఏడు చెట్లు. కినుయో తిరగేసిన తొట్టి మీద కూలబడింది. ఈసారి గడియ వేసి చంపానా, అనుకుంది. తన పేరు మళ్ళీ వీధంతా పాకుతుందని, పెద్దయ్య మళ్ళీ మొహం చూడకుండా 'ఏం చేస్తాం' అంటాడని అనుకుంది. ఇంత వయసులో ఆ మాట ఇంకోసారి వింటే తట్టుకోలేననిపించింది.

ఎవరికీ చెప్పలేదు. మిగిలిన పాత ఆకుల్ని ముట్టుకోకుండా వదిలేసింది. సాయంత్రం హరుమి గుప్పెడు గింజలు ఆమె దోసిట్లో పోసింది. వయసెంతో అన్ని గింజలు తినాలి, అది ఆ పండుగ పద్ధతి. నువ్వు తినేసరికి రేపు తెల్లారుతుంది అక్కా, అని హరుమి వేళాకోళం చేసింది. కినుయో ఎడమ దవడతో నాలుగు గింజలు నమిలి మిగతావి జేబులో పోసుకుంది.

మర్నాడు మందు కొట్టే రోజు. హరుమి తొట్ల మీద గుడ్డలు కప్పింది. కినుయో చేతి పంపు వీపున తగిలించుకుని వరస వెంబడి కొట్టుకుంటూ పోయింది. పాకలో చెట్లను ఒక్కొక్కటే బయటికి తెచ్చి కొట్టి, లోపల పెట్టింది. బునా తట్ట దగ్గరికి వచ్చేసరికి హరుమిని టీ పెట్టమని పంపింది. తట్టను దాటేసి, పక్క చెట్టు అందుకుంది. హరుమి తిరిగొచ్చి బునా అయిపోయిందా అని అడిగితే, బరువు కదా, కదపకుండా లోపలే కొట్టేశానంది. ముప్పై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

ఆ తర్వాత మూడు రోజులు కినుయో బతుకు బతుకు కాదు. పెద్దయ్య కర్ర చప్పుడు వినిపిస్తే చాలు, ఏదో ఒక సాకుతో ఎదురెళ్ళేది. పాకలో మందు కంపు ఊపిరాడనివ్వదండీ అని ఒకరోజు చెప్పింది. మెట్లు తడిగా ఉన్నాయి, జారతారని ఇంకో రోజు చెప్పింది. ఆయన ఊఁ అని వెనక్కి తిరిగేవాడు. ఆమె లోపలికెళ్ళి ఆకుల సందుల్లోంచి మొగ్గల్ని చూసుకునేది. రోజుకింత పొడుగవుతున్నాయి. ఏ చెట్టు చిగురు చూసినా సంతోషించే మనిషి, వాటిని ఆపలేకపోతున్నానని ఏడ్చింది. మూడో రోజు టీవీలో చెప్పారు, ఉత్తరపు గాలి దిగుతోంది, ఎల్లుండి పొద్దుటికి సున్నాకి అయిదు కింద ఉంటుందని.

నాలుగో రోజు పొద్దున ఆమె వచ్చేసరికి పాక తలుపు తీసే ఉంది. పెద్దయ్య లోపల నిలబడి ఉన్నాడు.

ఆయన ఒక్కో చెట్టునూ తడుముతూ, వంగి వాసన చూస్తూ వస్తున్నాడు. చూపు లేని మనిషికి మందు పని ఎలా జరిగిందో తెలుసుకోవడానికి అదొక్కటే దారి. ఆ సంగతి కినుయోకి అప్పటిదాకా తట్టనే లేదు. బునా తట్ట దగ్గర ఆయన వంగాడు. ఇంకా కిందికి వంగాడు. నిటారుగా లేచాడు. కినుయో తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది.

"దీనికి మందు కొట్టలేదేం కినూ?" అన్నాడు.

"కొట్టానండి. వాసన పోయుంటుంది."

"పక్కదానికి పోలేదే."

ఆయన వేళ్ళు ఎండుటాకు కిందికి దూరాయి, మొగ్గ మీద ఆగాయి. ఒక్కోటీ తడుముతున్నాడు. మొదటి మొద్దు, రెండోది, మూడోది. ఏడో మొద్దు దాకా వెళ్ళేసరికి కినుయోకి ఏడేళ్ళు గడిచినట్టైంది. అప్పుడిక ఆగలేక మొత్తం కక్కేసింది. పాకను వెచ్చగా ఉంచానని, రెండింటికే మూసేశానని, చూసి కూడా అయిదు రోజులు దాచానని, అబద్ధమాడానని చెప్పింది. తనను పంపించెయ్యమంది.

"మందు కొట్టకుండా ఆగావు కదా, మంచి పని చేశావు" అన్నాడు పెద్దయ్య. చెయ్యి ఇంకా చెట్టు మీదే ఉంది. "నేనైతే కొట్టేసేవాణ్ణి. ఒకసారి కొట్టాను కూడా."

"ఎప్పుడు?"

"నాన్న మేపుల్‌కి."

కినుయోకి అర్థం కాలేదు. ఆయన మెల్లగా, ఎవరికో కాదు ఆ చెట్లకే చెబుతున్నట్టు చెప్పాడు. ఆ ఏడు కూడా పండుగ మర్నాడే మందు కలిపాడు. మేపుల్ చిగుళ్ళు విప్పుతోందని చూడనేలేదు. మందు రోజు అంటే మందు రోజే, చెట్టును చూసేదేముంది అనుకునే పొగరు. కొట్టాక చూశాడు. కడిగాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది. రెండు రోజుల తర్వాత కినుయో గడియ మరిచిపోయింది, మంచు పడింది.

"నీ తలుపు వల్ల కాదే అది. తలుపు పక్కనే ఎర్రపూల మొక్కలు తట్ట నిండా చిగురేసి ఉన్నాయి, గుర్తుందా? వాటికి మందు కొట్టలేదు. మంచు ముందు వాటిని కదా పట్టుకోవాలి. ఒక్క ఆకు వాడలేదు."

గుర్తుంది. ఆ వసంతంలో ఆ మొక్కలకు నీళ్ళు పోసింది తనే. పచ్చగా ఎగబాకుతుంటే వాటిని కత్తిరించింది కూడా తనే. తప్పు తనదేనని మొదటి రోజే ఒప్పేసుకున్న మనిషికి అవి కళ్ళెదుటే ఉన్నా కనిపించలేదు.

"మీ నాన్నగారికి చెప్పారా?" అని అడిగింది.

"లేదు."

"ఆయన పోయేదాకా నా మొహం చూడలేదండీ."

"తెలుసు."

కినుయోకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. వీధి చివరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన సాయంత్రాలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. వానలో వచ్చింది, జ్వరంతో వచ్చింది, చెల్లెలి పెళ్ళి భోజనాల మధ్యలోంచి లేచి వచ్చింది. ఈ ఏడు చెట్లు నిద్ర చెడి కళ్ళు తెరిచింది కూడా ఆ భయం వల్లే. ఆ భయం ఈయన నోరు మూసుకోవడం వల్ల. ఆ క్షణాన పెద్దయ్య చేతికర్ర లాక్కుని విరిచెయ్యాలనిపించింది. విరవలేదు. చిత్రం ఏమిటంటే, అంత కోపంలోనూ కినుయో గోడ మీది ఉష్ణమాపకం వంక చూసింది. రేపు పొద్దుటికి సున్నాకి అయిదు కింద. తప్పెవరిదైనా చిగుళ్ళు చిగుళ్ళే.

"రోజూ ఎండలో పెట్టి, మధ్యాహ్నం లోపల పెట్టాలి. ఆఖరి మంచు దాకా" అంది. "తట్ట నేనూ అమ్మాయిగారూ మోస్తాం. గడియ మాత్రం ఇకనుంచి మీరే వెయ్యండి."

"నేనా? కనబడదు కదే."

"చేతులున్నాయి కదా. తలుపు నాలుగింటి దాకా తీసుండాలి, ముందు వేస్తే ఉడికిపోతాయి. తర్వాత వేస్తే మాడిపోతాయి. సాయంత్రం నేను వెనక్కి రాను."

ఆయన తల వంచాడు, అంతే.

ఆ తర్వాత దాదాపు మూడు నెలలు ఆడవాళ్ళిద్దరూ తట్ట మోశారు. మొదటి రోజు హరుమి నడుము పట్టేసి, ఇది చెట్లు పెంచడమా, ఏడుగురు పెళ్ళికొడుకుల్ని ఊరేగించడమా, అని తిట్టుకుంది. తర్వాత సంగతి తెలిశాక వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. గడియ పెద్దయ్యే వేశాడు. నాలుగింటికి గోడ పట్టుకుని వచ్చి, వేళ్ళతో వెతుక్కుని గడియ దించి, 'వేశాను కినూ' అని కేకేసేవాడు. కినుయో ఊఁ అనేది కాదు. గేటు దాటి వెళ్ళిపోయేది. వెళ్ళినా ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు. ఆయన సరిగా వేశాడో లేదో అని గుండె పీకేది. భయానికి కారణం పోయింది, భయం మాత్రం కాపురం పెట్టుకుని కూర్చుంది. కాళ్ళు చాపుకుని, తొడలు నొక్కుకుని, వెళ్ళకూడదు, వెళ్ళకూడదు అనుకుంటూ తెల్లవార్లూ గడిపిన రోజులున్నాయి.

మార్చి మధ్యలో రెండు మొద్దులు పోయాయి. చివరివి, గోడ పక్కవి. చిగుళ్ళు బెల్లం రంగుకు తిరిగి రాలాయి. పెద్దయ్య తడిమి చూశాడు. 'ఏం చేస్తాం' అని మాత్రం అనలేదు. మిగిలిన అయిదూ లేత ఆకులు విప్పుకుని గట్టిపడ్డాయి.

మే రెండో తారీఖు కాలెండరులో ఆఖరి మంచు రోజు. ఆ తర్వాత ఇక మంచు లేదని మావాళ్ళ లెక్క. ఆ సాయంత్రం బునా తట్టను బయట అరమీదే వదిలేశారు. ఖాళీ పాక తలుపు బార్లా తీసి ఉంచారు. మీరు ఇంక గడియ వెయ్యక్కర్లేదండీ అని కినుయో పెద్దయ్యకు చెప్పింది. మూడు నెలల్లో ఆయనతో ఆమె నోరు విప్పి మాట్లాడింది అప్పుడే. సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

వీధి చివర ఆగింది. ఇంకా వెలుతురుంది, గాలి వెచ్చగా ఉంది. మంచు పడదని ఆమెకు తెలుసు. అయినా కాళ్ళు వెనక్కి తిరిగాయి. తనను తాను తిట్టుకుంటూ గేటు తీసింది, పక్కదారిన వెళ్ళింది.

పెద్దయ్య బునా చెట్ల ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కర్ర, భుజాల మీద దుప్పటి. అరచెయ్యి పైకెత్తి గాలిలో చాపి ఉంచాడు, చలి తగులుతుందేమోనని. అడుగుల చప్పుడు విని మొహం ఇటు తిప్పాడు.

"నువ్వేనా?" అన్నాడు. "కాలెండరు మాట నమ్మబుద్ధి కాలేదే. భయమేసింది."

కినుయో భుజాన సంచీ దించింది. తర్వాత పాకలోకి వెళ్ళి, ఇంకో పీట తెచ్చుకుని ఆయన పక్కన వేసుకుంది.